పలకని బొటనవేలు

ఉదయం పదకొండుంబావుకి స్కిన్ క్లినిక్ రెండో గదిలోంచి కేక వినిపించింది. బయట సోఫాలో కూర్చున్నవాళ్ళు చదువుతున్న పత్రికలు వదిలేసి లేచి నిలబడ్డారు. కేక ఆగలేదు.

పావుగంటలో అంబులెన్స్ వచ్చింది. గంటలో పోలీసులొచ్చారు. సాయంత్రానికి క్లినిక్ నర్సు పోలీస్ స్టేషన్ బెంచీ మీద ఉంది.

మర్నాడు పొద్దున్నుంచి ఇన్‌స్పెక్టరమ్మ తన గదిలో కాలుకాలిన పిల్లిలా తిరుగుతోంది. కాలు కాలలేదు గానీ మడమలు పగిలాయి. చలికాలం వచ్చిందంటే ఆవిడకి ఏటా ఇదే గోల. నడిస్తే మడమ గుచ్చుతుంది. పోనీ కూర్చుందామంటే కేసు గుచ్చుతోంది.

టేబుల్ మీద ఫోన్ మోగి ఆగిపోయింది. తీసి బొటనవేలు పెట్టింది. గుర్తించలేదంది ఫోను. మళ్ళీ పెట్టింది. మళ్ళీ అదే పాట.

"వారం నుంచి ఇదే తంతు. నా ఫోనుకి నేనెవరో తెలీదుట!" అని విసుక్కుంటూ లాక్ నంబరు కొట్టింది.

"చలి మేడమ్, చలి. మా ఆవిడ చేతులు చూస్తే గరుకు కాగితమే" అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

ఫోన్ చేసింది పై అధికారి. ఐదింటికల్లా నర్సుని మేజిస్ట్రేట్ ముందు పెట్టాలట. ఇంకా తవ్వడానికేముంది, సీసాలోంచి మందు పోసింది ఆ పిల్లే కదా అన్నాడు.

"సీసా పోసిందట, కేసు అయిపోయిందట. ఇల్లలకగానే పండగా?" అని గొణుక్కుని ఆవిడ బయటికొచ్చింది.

కేసు చెప్పుకోవడానికి చిన్నదే. కాలింది కళ్ళజోళ్ళ షాపులో కౌంటర్ దగ్గర పనిచేసే అమ్మాయి ముఖం. కంపెనీ కొత్త పోస్టర్లకి ఆ ముఖాన్నే ఎంచుకుంది. వచ్చే వారం హెడ్డాఫీసు ఉన్న ఊళ్ళో ఫోటోలు, ఆ తర్వాత అక్కడే ఉద్యోగం. ఆ అమ్మాయి నిన్న కెమికల్ పీల్‌కి వెళ్ళింది. ముఖానికి పల్చటి యాసిడ్ పూసి, పై పొర ఊడగొట్టి, కింది కొత్త చర్మాన్ని బయటికి తెచ్చే వైద్యం. ఎండ తక్కువని జనం చలికాలంలోనే దీనికి వరస కడతారు.

బెంచీ మీద నర్సు రాత్రంతా నిద్రపోనట్టుంది.

"మందు పోసిన కప్పు ఎందుకు కడిగేశావు?"

"ఎప్పుడూ కడుగుతాం మేడమ్. అరుపులు విని కంగారులో కూడా చేతులు వాటి పని అవి చేసేశాయి. సీసా మాత్రం సరైనదే తీశాను. ఒట్టు!"

"ఎవరు నమ్ముతారు?"

"ఎవరూ నమ్మరు మేడమ్. కేసు పడితే నా రిజిస్ట్రేషన్ పోతుంది. ఇంక ఏ ఆసుపత్రీ నన్ను గుమ్మం ఎక్కనివ్వదు."

ఇన్‌స్పెక్టరమ్మకి ఆ పిల్ల మీద జాలేసింది. జాలేసిందని తన మీద తనకే చిరాకేసింది. జీపెక్కింది.

*

డాక్టరు క్లినిక్ మూసుకుని ఒక్కడే కూర్చున్నాడు.

"ఎంత స్ట్రెంగ్త్ వాడారు?"

"అతి తక్కువది. మొదటిసారి వచ్చేవాళ్ళకి ఇచ్చేదే."

"ఎంతసేపు ఉంచారు?"

"మూడు నిమిషాలు ఉంచాలి. ఒక్క నిమిషం కాకుండానే అరిచింది."

"అంత తక్కువదైతే ఎందుకు కాలింది?"

"సీసా మారి ఉండాలి. పోసింది నర్సు."

"మీరు చూసుకోలేదా?"

"నాలుగేళ్ళుగా నా దగ్గర చేస్తోంది. నమ్మాను."

"నమ్మినదాన్నే మా చేతిలో పెట్టారన్నమాట. బాగుంది. అంతకుముందు ముఖం ఎలా ఉంది?"

"గరుకుగా, పొట్టు లేస్తూ ఉంది. చలికి సగం ఊరు అలాగే ఉంటుంది కదండీ. రెండు వారాల కిందట వచ్చినప్పుడు రాత్రిళ్ళు క్రీమ్ దట్టంగా రాసుకోమన్నాను. రాస్తున్నానంది."

"ఏ క్రీమ్?"

"ఇంట్లో వాడే కోల్డ్ క్రీమే అంది. నేనింక అడగలేదు."

*

అక్కాచెల్లెళ్ళిద్దరిదీ రెండు గదుల ఇల్లు. అక్క కూడా అదే కళ్ళజోళ్ళ షాపులో క్యాష్ కౌంటర్ చూస్తుంది. రాత్రంతా ఆసుపత్రిలో ఉండి, బట్టలు తీసుకెళ్ళడానికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచాయి. అయినా మర్యాద మర్చిపోకుండా మంచినీళ్ళు అందించింది. ఆ చేతులు తామర రేకుల్లా ఉన్నాయి. ఇన్‌స్పెక్టరమ్మకి కాస్త కుళ్ళు కూడా పుట్టింది.

"మీ చెల్లెలు పీల్‌కి వెళ్తోందని మీకు తెలుసా?"

"తెలిస్తే వెళ్ళనిస్తానా? చెప్పలేదండీ. పుట్టి బుద్ధెరిగాక నా దగ్గర అది దాచిన మొదటి సంగతి ఇదే."

"అంత దగ్గరా?"

"ఒకే కంచం, ఒకే మంచం అన్నట్టు పెరిగాం. అమ్మ పోయాక దాని జడ నేనే వేశాను. దువ్వెన ఒకటే, సబ్బు ఒకటే. ఆఖరికి ముఖానికి రాసుకునే క్రీమ్ కూడా ఒకే డబ్బాలోంచి. పొద్దున్నా రాత్రీ ఇద్దరం అదే."

ఇన్‌స్పెక్టరమ్మ అద్దం దగ్గర అరలో ఉన్న డబ్బా తీసి మూత తిప్పింది. నిండుగా ఉంది. వేలితో ఒక్కసారి తీసినట్టు చిన్న గుంట.

"కొత్తదా?"

"నిన్ననే కొన్నాను. పాతది అయిపోయింది."

"మీ చెల్లెలంటే పడనివాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు. చేసింది ఆ నర్సే! దాన్ని మాత్రం వదలకండి."

ఇన్‌స్పెక్టరమ్మ డబ్బా అరలో పెట్టేసి వచ్చింది. ఏదో మాట చెవిలో పురుగులా తిరుగుతోంది. ఏ మాటో పట్టుబడదు.

*

షాపు మేనేజరు మంచివాడే, కాకపోతే నోరు కట్టేసుకోలేడు. గుమ్మం దగ్గర హాజరు మెషిన్ చూపించి తల కొట్టుకున్నాడు.

"ఇదిగో, దీనితో రోజూ యుద్ధమే. ఆ అమ్మాయి బొటనవేలు పెట్టి నిలబడితే వెనకాల క్యూ పెరిగిపోయేది. పేరు పలకదు. చివరికి నేనే కార్డు ఇప్పించాను."

"ఎప్పట్నుంచి?"

"పోస్టర్ కబురు వచ్చిన కొన్నాళ్ళకి. చలి కదా మేడమ్, వేళ్ళు ఎండిపోతాయి."

చలి! పొద్దున్నుంచి అందరి నోటా అదే మాట. డాక్టరుకి చలి, హెడ్‌కి చలి, వీడికీ చలి. ఇన్‌స్పెక్టరమ్మకి ఒళ్ళు మండింది.

*

మూడున్నరకి ఆసుపత్రి. కట్టు మధ్యలోంచి కళ్ళూ పెదవులూ తప్ప ఆ అమ్మాయి ముఖం కనబడటం లేదు. దాహం అన్నట్టు చెయ్యి చాపింది. ఇన్‌స్పెక్టరమ్మ గ్లాసు అందిస్తూ ఆగిపోయింది. కుడిచేతి మూడు వేళ్ళ చివరలూ, బొటనవేలూ పొట్టు లేచి గులాబీ రంగులో ఉన్నాయి.

"చేతి మీద కూడా యాసిడ్ పడిందా తల్లీ?"

"లేదండీ. డాక్టరుగారు బ్రష్‌తో రాశారు. నా చేతులు దుప్పటి కిందే ఉన్నాయి. ఇవి కొన్నాళ్ళుగా ఇంతే."

"ముఖానికి క్రీమ్ ఏ చేత్తో రాసుకుంటావు?"

"దీంతోనే. షాపులో రాసుకోవడానికి బ్యాగులో కూడా కొంచెం పెట్టుకుంటాను."

బ్యాగులో కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునే చిన్న డబ్బీ ఉంది. అందులో తెల్లటి క్రీమ్. ఇన్‌స్పెక్టరమ్మ వాసన చూసింది. కర్పూరం కలిసిన ఘాటు. ఎక్కడో తెలిసిన వాసన. బాగా తెలిసిన వాసన.

ఫోన్ మోగి ఆగిపోయింది. పై అధికారే. బొటనవేలు పెట్టింది. గుర్తించలేదు.

ఆవిడ తన వేలు వంక చూసుకుంది. చూసుకుని అలాగే నిలబడిపోయింది. ఈ వేలితోనే కదా వారం నుంచి పగిలిన మడమలకి మందు రాసుకుంటోంది! మొద్దుబారిన చర్మాన్ని కరిగించి ఊడగొట్టే మందు. ముఖానికి రాయకూడదని ట్యూబు మీద ఎర్రక్షరాలతో ఉంటుంది.

"ఓరి నా తెలివి తెల్లారా!" అంది పైకే. వార్డు బాయ్ ఉలిక్కిపడ్డాడు.

హెడ్‌కి ఫోన్ చేసింది. "నర్సుని తీసుకురా. డాక్టర్నీ, మేనేజర్నీ కూడా. ఇంక్ ప్యాడ్ మర్చిపోకు."

*

నాలుగుంబావుకి ఆ గదిలో నిలబడటానికి చోటు లేదు. అక్క మంచం తలవైపు కూర్చుంది. నర్సు తలుపు దగ్గరే ఆగిపోయింది.

"అందరూ ఒకసారి చేతులు చూపించండి" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

అందరూ చాపారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అక్క మాత్రం చేతులు కొంగులో దాచుకుంది.

మంచం మీది అమ్మాయి బొటనవేలిని హెడ్ ఇంక్ ప్యాడ్‌కి అద్ది కాగితం మీద మెల్లగా ఆనించాడు. నల్లటి మచ్చ పడిందంతే, ఒక్క గీతైనా లేదు. తర్వాత అక్క వేలు. గీతలన్నీ అచ్చు గుద్దినట్టు పడ్డాయి.

"నర్సు సరైన సీసానే తీసింది. డాక్టరు పూసిందీ తక్కువ మందే. పీల్ కంటే ముందే ఆ ముఖం మీద పొర ఊడిపోయింది. అందుకే అంత తక్కువ మందు కూడా కాల్చేసింది. ముందే అని ఎలా తెలుసు? యాసిడ్ తగలని వేళ్ళ మీద కూడా పొర ఊడింది. అవి క్రీమ్ రాసుకునే వేళ్ళు. క్రీమ్‌లో మడమల మందు కలిసింది. ఇదిగో, ఈ డబ్బీలో ఇంకా ఉంది. ల్యాబ్‌కి పంపుతున్నాను."

ఆవిడ అక్క వైపు తిరిగింది.

"పొద్దున్నా రాత్రీ ఇద్దరం ఒకే డబ్బాలోంచి రాసుకుంటామన్నారు. మీ చెల్లెలి వేలు చెరిగిపోతే మీ వేలు చెక్కు చెదరలేదేం? మీరు ఎప్పుడో మానేశారు. ఎందుకు మానేశారు? చెల్లెలు ఇక్కడ పడుంటే నిన్న అంత తొందరగా కొత్త క్రీమ్ ఎందుకు కొన్నారు? పాత డబ్బా ఏది?"

అక్క వెక్కిళ్ళు పెట్టింది.

"కాల్చాలని కాదమ్మా! నా మడమలకని పోయినేడు కొన్న మందే. కాస్త పొట్టు లేస్తే పోస్టర్‌కి ఇంకొకరిని చూసుకుంటారు, ఇది నా దగ్గరే ఉండిపోతుంది అనుకున్నాను. ఇది వెళ్ళిపోతే ఆ ఇంట్లో నాకు గోడలు తప్ప ఎవరున్నారు? క్లినిక్‌కి వెళ్తోందని తెలిస్తే ఆ డబ్బా ఆరోజే పారేసేదాన్ని."

"గరుకెక్కిందనే కదక్కా వెళ్ళాను" అంది చెల్లెలు. కట్టు లోపల్నుంచి గొంతు సన్నగా వచ్చింది. "ఎంత రాస్తే అంత పాడైపోయేది. చూసి భయమేసింది."

డాక్టరు తల దించుకున్నాడు. ఇంకా రాయమన్నది తనే మరి.

మేనేజరు నోరు కట్టేసుకోలేకపోయాడు.

"అదేంటమ్మా, మీరెందుకు ఉండిపోతారు? బదిలీ మీ ఇద్దరికీ కదా! మా అక్కకి కూడా అక్కడ క్యాష్ కౌంటర్ ఇస్తేనే వస్తానని ఈ అమ్మాయి మొదటిరోజే చెప్పేసింది. ఫోటోలు బాగా వస్తే అలాగే ఇస్తామన్నారు హెడ్డాఫీసు వాళ్ళు."

"ఫోటోలయ్యాక చెబుదామనుకున్నాను" అంది చెల్లెలు. "అవి కుదరకపోతే నువ్వు బాధపడతావని."

 

నాలుగు నలభైకి ఇన్‌స్పెక్టరమ్మ నర్సు భుజం తట్టింది. "ఇంటికి వెళ్ళమ్మాయ్. నీ మీద కేసు లేదు."

నర్సు తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. కట్టులోంచి ఆ అమ్మాయి కళ్ళు నిండిపోయి ఉన్నాయి. చూసి అక్క అలవాటు కొద్దీ చెయ్యి చాపింది. ఇంకు అంటిన ఆ చేతిని చూసుకుంది. మళ్ళీ వెనక్కి తీసేసుకుంది.

"ఏడవకండి. కన్నీళ్ళు కట్టులోకి దిగితే మండుతుంది" అంది నర్సు. దూది తీసుకుని కంటి కొసలు మెత్తగా అద్దింది. ఆ అమ్మాయి ఏడుపు ఆపలేదు. నర్సు కూడా అద్దడం ఆపలేదు.

ఇన్‌స్పెక్టరమ్మ కుంటుకుంటూ వరండాలోకి వచ్చింది. ఫోన్ మోగుతోంది. ఐదింటికి మేజిస్ట్రేట్ ముందు పెట్టాల్సిన మనిషి మారిందని చెప్పాలి. ఎలా చెప్పాలో తెలియక అది మోగి ఆగిపోయేదాకా అటూ ఇటూ నడిచింది. తర్వాత ఫోన్ తీసి, వేలు పెట్టకుండా నంబరే కొట్టింది.