సొన ఘాటు

మామిడి చెట్లు ఎండలకు మాడిపోయి ఒక తరం దాటింది. అయినా నూజివీడులో రసాలకు కరువు లేదు. వీధికో స్టీలు బయోరియాక్టర్ ఉంది. జనం దాన్ని రుచికాగు అంటారు. అందులోని బాక్టీరియా చక్కెర నీళ్లు తాగి, అచ్చం పండులో ఉండే రుచి అణువులనే తయారుచేస్తుంది. కుళాయి తిప్పితే చాలు, గ్లాసులోకి మామిడిరసం.

తొలి బాక్టీరియాను మలిచింది పురుషోత్తం మాస్టారు. చివరి పండు చేతిలో ఉండగానే, ముచిక దగ్గరి సొన ఘాటుతో సహా ఆ రుచిని దించేశారు. జనానికి ఆ ఘాటు రుచించలేదు. తర్వాత వచ్చినవాళ్లు ఏటేటా ఘాటు తగ్గించి, తీపి పెంచుతూ పోయారు. ఇప్పుడు ఆ తొలి బాక్టీరియా ల్యాబులో ఒకే ఒక్క కాగులో బతికుంది. దాన్ని ఉంచాలా, ఆవిరి పెట్టి చంపాలా అన్నది ఇవాళ తేలాలి.

ఉంచాల్సిందేనని పోరాడుతున్నది ఆయన శిష్యురాలు సువర్చల. అయితే తీర్పు చెప్పేది నాలుకపట్టీ. దాన్ని కనిపెట్టిందీ ఆవిడే. మనవాళ్లకు మొహమాటం జాస్తి. చేదు విషం పోసినా "బాగుందండీ" అంటారు. అందుకే మాటను పక్కనపెట్టి, నాలుక నరాల్లో పుట్టే ఇష్టాన్ని కొలిచే యంత్రం చేసింది. అప్పట్లో అందరూ తెగ మెచ్చుకున్నారు.

రుచి చూసినవాళ్ల ఓట్లు సరిసమానంగా చీలాయి. మిగిలింది సువర్చల ఓటు. సొంత సృష్టి కాబట్టి మాస్టారికి ఓటు లేదు. ఓ మూల కుర్చీలో కూర్చుని చూస్తున్నారు.

సువర్చల పట్టీ తగిలించుకుని పాత రసం తాగింది. గొంతులో చిరుమంట రేగింది.

"అబ్బ, ఎంత బాగుందో మాస్టారూ!" అంది. మనస్ఫూర్తిగానే అంది.

తర్వాత కొత్తది తాగింది. ఊహ తెలిసినప్పటి నుంచి తాగుతున్న రసమే.

"కొత్తదానికే ఓటు," అంది యంత్రం.

"తప్పు! మళ్లీ చూడు."

"చూశాను మేడమ్. బాగుందని మీరన్నారు. మీ నాలుక అనలేదు."

కాగులోకి ఆవిరి వదిలారు. గదంతా సొన వాసన కమ్ముకుంది. తన చేత్తోనే చంపానని సువర్చల వెక్కి వెక్కి ఏడ్చింది.

మాస్టారు మెల్లగా లేచి, ఆవిడ గ్లాసులో మిగిలిన కొత్త రసం ఓ గుక్క తాగారు.

"ఊరుకోమ్మా. ఇదే బాగుంది," అన్నారు.

ఆయన నాలుకకు పట్టీ లేదు.