ఎవరూ చెప్పని చిరునామా

రోజారమణి లోపలికి వచ్చీ రాగానే ఫోన్ ఆపేసి బల్లమీద బోర్లా పెట్టింది. కిటికీలోంచి కనబడకుండా కుర్చీ పక్కకు జరుపుకుని కూర్చుంది. పోలీసు శాఖలో హెడ్ కానిస్టేబులుగా రిటైరైన హజరత్తయ్యకు ఆ భయం తెలుసు. మంచినీళ్ల గ్లాసు ఆమె ముందు పెట్టి తన చోటికి వెళ్లాడు.

ప్రైవేటు డిటెక్టివ్‌గా అబిగయీలుకు నెల్లూరులో మంచి పేరుంది. సహాయకుడిగా చేరిన నాటి నుంచి హజరత్తయ్య ఆమెలో మెచ్చుకునే గుణం ఒకటుంది. వచ్చినవాళ్లను ఆమె తొందరపెట్టదు. ఇప్పుడూ రోజారమణి మంచినీళ్లు తాగేదాకా ఆగింది.

"నా మొగుడికి నా అడ్రస్ ఎవరో చెప్తన్నారు మేడమ్" అంది రోజారమణి చివరికి. "అదెవరో నాకు తెలియాల."

భర్త నరేంద్రబాబుది గూడూరు. ఇళ్లకు నెట్ కనెక్షన్లు ఇవ్వడం అతని పని. అతని దెబ్బలు పడలేక ఆమె ఇల్లు వదిలింది. పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్పి బతుకుతోంది. మొదట నెల్లూరులో స్నేహితురాలు జబీనా ఇంట్లో నెలరోజులు తలదాచుకుంది. ఏ గొడవా లేదు. తరువాత చిల్లకూరులో గది తీసుకుంది. కొద్దివారాలకే ఎదురుగా టీ కొట్టు దగ్గర నరేంద్రబాబు కనిపించాడు. పోలీసులు పిలిపించి మందలిస్తే, ఇక రానని సంతకం పెట్టి వెళ్లాడు. ఆమె అక్కడినుంచి దూరంగా, సముద్రం ఒడ్డునున్న జువ్వలదిన్నెకు మారింది.

"పోయిన వారం మా తమ్ముడు శివ ఫోనుకు ఆయన మెసేజ్ పెట్టినాడు. మీ అక్కకు సముద్రపు గాలి పడదు, ఇంటికి పంపించు అని."

"జువ్వలదిన్నె సంగతి ఎవరెవరికి తెలుసు?"

"శివకి, జబీనాకి, ఇంటి ఓనరు చెంచమ్మకి. శివ చెప్పడు. చెంచమ్మకి ఆయన ఎవరో తెలీదు. ఇంక జబీనానే కదా. దాని ఫోన్ ఎత్తడం మానేసినా." భర్త గురించి చెప్పినంతసేపూ ముట్టుకోని ఫోన్‌ను ఆ మాట అంటూ ఇంకా దూరంగా నెట్టింది.

"నీ ఫోన్?"

"కొత్తది. సిమ్మూ కొత్తదే. మెయిల్ గూడా మార్చినా."

మర్నాడు ముగ్గురూ జువ్వలదిన్నె వెళ్లారు. చెంచమ్మ కొడుకులు చేపల వేటకు పోయి ఉన్నారు. ఆమె గుమ్మంలో కూర్చుని ఎండు చేపలు ఏరుతోంది.

"ఇతను ఈ వీధిలోకి వచ్చాడా? మిమ్మల్ని ఏమైనా అడిగాడా?" అంది అబిగయీలు, నరేంద్రబాబు ఫోటో చూపించి.

"వచ్చినాడు గానీ ఎవుర్నీ అడగలా తల్లీ. ఫోను చేతిలో పట్టుకోని, దాన్నే చూసుకుంటా వీధి కొసదాకా పోయినాడు. మళ్లీ ఎనక్కి వచ్చినాడు. మా ఇంటి ముందర ఆగి మేడ మీదికి చూసినాడు."

మేడమీద గదిలో స్విచ్చి బోర్డు పక్కన వైఫై పెట్టె మిణుకుమంటోంది. అబిగయీలు దాని ముందు నిలబడింది.

"ఇది ఇక్కడ కొన్నదా?"

"గూడూరుదే మేడమ్. నా డబ్బుతో కొన్నా, వదిలి రాబుద్ధి కాలా. పేరూ పాస్‌వర్డూ రెండూ మార్చేసినాలెండి."

"జబీనా ఇంట్లోనూ ఇదే వాడావా?"

"లేదు, వాళ్లకి నెట్ ఉంది. ఇది సంచిలోనే ఉండె."

అబిగయీలు పెట్టెను తిప్పి, కింద అచ్చువేసిన నంబరు చూసింది. నెల్లూరుకు తిరిగొచ్చాక నేరుగా జబీనా బట్టల కొట్టుకు వెళ్లింది. జబీనా కోపంగానే జవాబిచ్చింది.

"నెల రోజులు మా ఇంట్లో పడుకునింది. పట్టించేదాన్నయితే అప్పుడే పట్టించనా?"

దారిలో హజరత్తయ్య తన అనుమానం బయటపెట్టాడు. "ఈమె కాదు మేడమ్. మెసేజ్ వచ్చింది తమ్ముడికి. నాకు వాడి మీదే ఉంది."

"తమ్ముడు చెప్పి ఉంటే ఇల్లు ఎక్కడో కూడా చెప్పేవాడు కదా. వీధి కొసదాకా పోయి వెనక్కి రావడం ఎందుకు?" అంటూ ఆమె ఆయన వైపు తిరిగింది. "మనుబోలులో మీ ఇల్లు నాకు కొన్నాళ్లు కావాలి. ఇంట్లో వాళ్లు భయపడతారా?"

"మా ఇంటామె పోలీసోడి పెళ్లాం మేడమ్" అన్నాడాయన.

ఆ సాయంత్రమే రోజారమణి అబిగయీలు ఇంటికి చేరింది. శివకు కూడా చెప్పలేదు. ఆమె వైఫై పెట్టెను మాత్రం హజరత్తయ్య మనుబోలు తీసుకుపోయి, వీధి వైపు గదిలో పెట్టి స్విచ్చి వేశాడు. నెట్ అక్కర్లేదు, కరెంటు ఉంటే చాలని అబిగయీలు చెప్పింది. అలా ఎందుకో ఆయనకు అర్థం కాలేదు. అయినా స్టేషన్లో తనకు తెలిసినవాళ్లకు విషయం చెప్పి ఉంచాడు.

మూడోవారంలో ఒక మధ్యాహ్నం, ఫోన్ చూసుకుంటూ ఒకతను వీధిలోకి వచ్చాడు. ఇల్లు దాటాడు, వెనక్కి తిరిగాడు, గేటు ముందు ఆగాడు. ఫోటోలో చూసిన మొహమే. హజరత్తయ్య నెమ్మదిగా లేచి వెళ్లాడు.

"ఎవరు కావాల నాయనా?"

"రోజారమణి. నా భార్య. మీ ఇంట్లో అద్దెకుంది కదా."

"ఆమె ఈ వాకిలి తొక్కనే లేదు. ఇక్కడుందని నీకెవరు చెప్పినారు?"

నరేంద్రబాబు ఫోన్ జేబులో పెట్టుకోబోయాడు. హజరత్తయ్య ఆ చెయ్యి పట్టుకున్నాడు.

మర్నాడు అబిగయీలు ఆఫీసులో రోజారమణి, శివ, జబీనా, చెంచమ్మ కూర్చున్నారు. స్నేహితురాళ్లిద్దరూ చెరో చివర.

"వెంటాడినందుకు నరేంద్రబాబు మీద కేసు రాశారు, ఫోన్ పోలీసుల దగ్గరుంది" అంది అబిగయీలు. "ఎట్లా కనుక్కున్నాడో చెప్తాను. ప్రతి వైఫై పెట్టెకూ తయారైన చోటే ఒక నంబరు వేస్తారు. మనం పేరు మార్చినా అది మారదు. స్విచ్చి వేసి ఉన్నంతసేపూ పెట్టె ఆ నంబరును చుట్టుపక్కలకు చెప్తూనే ఉంటుంది. దారిన పోయే ఫోన్లు దాన్ని అందుకుని, ఎక్కడ దొరికిందో మ్యాపుల వాళ్లకు పంపుతాయి. నంబరు తెలిసినవాడికి ఆ చోటు వెతుక్కునే దారులున్నాయి. గూడూరులో ఈ పెట్టె బిగించిందే నరేంద్రబాబు. ఊరు తెలిశాక, సిగ్నల్ ఎటు పెరుగుతుందో చూసుకుంటూ వీధిలో నడిచాడు. జబీనా ఇంట్లో పెట్టె సంచిలో ఉంది కాబట్టే అక్కడికి రాలేకపోయాడు. మనుబోలు సంగతి మీలో ఎవరికీ తెలియదు. అక్కడ ఉన్నది పెట్టె ఒక్కటే. అయినా వచ్చాడు."

"అయితే ఎవరూ చెప్పలేదా?" అన్నాడు శివ.

"తెలిసి ఎవరూ చెప్పలేదు."

"దారినపోయే ఫోన్లంటే, మా పిల్లోళ్లయి గూడానా?" చెంచమ్మ మెల్లగా అడిగింది.

"అయ్యుండొచ్చు. నాదీ అయ్యుండొచ్చు."

తాను అనుమానించిన శివ మొహం చూడడానికి హజరత్తయ్యకు కష్టమైంది.

రోజారమణి లేచి జబీనా దగ్గరికి వచ్చింది. "నిన్ను ఒక్క మాట అడిగినా కాదు. తప్పు నాదే."

"అడిగుంటే తిట్టేదాన్ని" అంది జబీనా, గోడ వైపు చూస్తూ. "తిట్టి ఊరుకునేదాన్ని. నువ్వు ఫోనే ఎత్తకపోతివి. రెండు తూర్లు జువ్వలదిన్నె బస్సెక్కి, దారిలో కావలిలోనే దిగి వెనక్కొచ్చినా. వస్తే తలుపు తీస్తావో లేదో అని."

జబీనా చేతిసంచి భుజాన వేసుకుని గుమ్మం దాకా నడిచింది. అక్కడ ఆగి, వెనక్కి తిరగకుండానే, "పొద్దున ఏమన్నా తిన్నావా?" అంది.