పద్నాలుగో నంబర్ నెత్తురు

కోదాడ బస్టాండులో ల్యాబ్ టెక్నీషియన్ గౌరయ్య చేతిలో టీ సగం ఉండగానే చచ్చిపోయాడు. పక్కనున్నవాళ్లు గుండెపోటన్నారు. మెడ వెనక సూది గాటును ఎవరూ చూడలేదు. చూడాల్సిన మనిషి, గౌరయ్య రహస్యం చెప్తానని రప్పించిన ఏజెంట్ దేవ్‌సింగ్, పది నిమిషాలు ఆలస్యంగా బస్సు దిగాడు. అది 1994 జూలై. బస్సులకు గూఢచారులంటే ప్రత్యేకమైన గౌరవమేమీ ఉండదు.

మధ్యాహ్నం పన్నెండున్నరకు ఎరువుల సేల్స్‌మన్ వేషంలో సూర్యాపేట గెస్ట్‌హౌస్ తలుపు తట్టాడు.

"సాగర్ నీళ్లొదిలారా?" లోపలి నుంచి గొంతు.

"ఎడమ కాలువకే."

తలుపు తెరుచుకుంది. చీఫ్ కూర్చోమని కూడా అనకుండా విషయంలోకి దిగాడు. క్రోనర్ అనే విదేశీయుడి ముఠా ఒక కొత్త యాంటీబయాటిక్ పట్టుకొచ్చింది. జ్వరాలకు బ్రహ్మాండంగా పనిచేస్తుంది, కొందరి లివర్‌ను మాత్రం పాడుచేస్తుంది. ఎవరిది పాడవుతుందన్నది పుట్టుకతో వచ్చే జీన్‌ను బట్టి ఉంటుంది. ఆ జీన్‌ను కనిపెట్టాలంటే లివర్లు పాడైన మనుషులు కావాలి. వాళ్ల దేశంలో ఆ పని చేస్తే జైల్లో వేస్తారు గనక, మిర్యాలగూడ దగ్గరి తండాలో ఉచిత వైద్య శిబిరం పెట్టారు. గౌరయ్య అక్కడి టెక్నీషియనే.

"పద్నాలుగు మందికి కామెర్లొచ్చాయి. గోలీలు మానకుండానే పదమూడు మంది కోలుకున్నారు. వాళ్లలో లివర్‌ను కాపాడే జీన్ ఉందని క్రోనర్ నమ్మకం. పద్నాలుగు మంది నెత్తురు ట్యూబులూ నాలుగింటికి మిర్యాలగూడ రైస్‌మిల్లు నుంచి బయల్దేరతాయి. అవి దేశం దాటితే వచ్చే నెల ముప్పై తండాల్లో డబుల్ డోసు."

"మా చెల్లె భూలి ఆ తండాలనే ఉంటది సార్."

"తెలుసు. అందుకే నిన్ను పిలిచాను. క్రోనర్ దగ్గర డాక్టరుగా చేరిన నీలా మన మనిషే. సాయం చేస్తుంది."

గోలీలు మానకుండా కోలుకోవడం ఒక్కటి దేవ్‌సింగ్‌కు మింగుడు పడలేదు. కామెర్లొస్తే తండావాళ్లు ఎక్కడికి పరిగెడతారో అతనికి తెలుసు. దారిలో, చీఫ్ ఇచ్చిన మోటార్‌సైకిల్‌ను పసరు మందు పోసే బిచ్చా గుడిసె ముందు ఆపాడు.

"పదమూడు మంది నా తాన్కే వచ్చిండ్రు," అన్నాడు బిచ్చా గర్వంగా. "పసరు తాగినన్ని దినాలు నూనె బంద్, ఇంగ్లీషు గోలీలు బంద్. ఒక్క గోలీ మింగినా నేను మందు పొయ్య."

మరి గోలీలు మింగినట్టు శిబిరంలో ఖాళీ అట్టలు ఎలా చూపించారంటే ముసలాయన నవ్వాడు. డాక్టరమ్మ వాళ్ల చాప మీద కూర్చుని జొన్నరొట్టె తిన్నదట. అలాంటి మనిషి మనసు కష్టపెట్టడం ఎందుకని గోలీలు కోళ్లగూడు కింద పాతిపెట్టి, ఉత్త అట్టలు చేతికిచ్చారట. క్రోనర్ కోట్ల పరిశోధన తండా మర్యాద ముందు బోర్లా పడింది.

"పద్నాలుగో మనిషి?"

"నా తాన్కి రాలే."

ఆ మనిషి భూలి కాదు గదా అనుకున్నాడు దేవ్‌సింగ్. భూలి ఇల్లు అక్కడికి అరమైలు. టైము మూడుంపావు. పళ్లు బిగించి మిర్యాలగూడ వైపే బండి తిప్పాడు.

రైస్‌మిల్లు బాయిలర్ దగ్గర క్రోనర్ తెల్ల ఐస్‌బాక్స్‌కు తాళం వేస్తున్నాడు. పక్కన నీలం షిఫాన్ చీరలో, నల్లకళ్లద్దాలతో నీలా. దేవ్‌సింగ్ పెన్ను తీశాడు. అందులో సిరా ఉండదు, ఒక్క తూటా ఉంటుంది. కోళ్లగూడు సంగతి ఇంగ్లీషులో చెప్పేసరికి క్రోనర్ మొహం పాలిపోయింది.

నీలా మాత్రం నవ్వింది. ఆమె పిస్టల్ దేవ్‌సింగ్ వైపే తిరిగింది. గౌరయ్య మెడ మీద గాటు ఎవరి చలవో అప్పుడర్థమైంది.

"పదమూడు ట్యూబులూ దండగే అనుకోండి," అంది. "పద్నాలుగోది అసలు సరుకండి. ఇరవయ్యెనిమిది గోలీలూ మింగింది. కళ్లు పచ్చబడ్డాయి, మొగుడు పసరు మందుకి రమ్మని బతిమాలాడు. కదల్లేదు. ఎందుకమ్మా అంటే, 'సర్కారు నౌకరీల ఉన్న మా అన్న చెప్పిండు, దవాఖాన మందు నడుమ ఆపొద్దని' అంది. పొద్దున్నే ప్రాణం పోయింది."

దేవ్‌సింగ్ ఆ మాట చెప్పింది నిజమే. మూడేళ్ల కిందట జ్వరం గోలీలు సగంలో మానేసినందుకు భూలిని అతనే నలుగురిలో కసిరాడు. ఆ పిల్ల అన్న మాటను అంత పదిలంగా దాచుకుంటుందని అతనికేం తెలుసు.

పెన్ను పేలింది. నీలా మణికట్టు చిట్లింది, ఆమె తూటా అతని భుజంలో దిగింది. క్రోనర్ బాక్స్‌తో కారు వైపు ఉరికాడు. దేవ్‌సింగ్ కాలు అడ్డం పెట్టి పడేసి, బాక్స్‌ను ఊక మండుతున్న బాయిలర్ పొయ్యిలోకి తన్నాడు. నాలుగవడానికి ఇంకా నిమిషం ఉంది. చెల్లెలి నెత్తురు కూడా ఆ మంటలోనే పోయింది. పోలీసులు ఎప్పటిలాగే అంతా అయ్యాక వచ్చి క్రోనర్‌కూ నీలాకూ బేడీలు వేశారు.

సూర్యాపేట దవాఖానలో చీఫ్ అతని చేయి కుదిపి అభినందించాడు. ఫైలు టాప్ సీక్రెట్ అని సీలు వేశారట. కుట్లు వేసిన డాక్టరు యాంటీబయాటిక్ రాయబోతూ ఆగాడు.

"మీ ఇంట్లో ఎవరికైనా మందులు పడకపోవడం ఉందా? తోడబుట్టినవాళ్లకు పడనిది మీకూ పడకపోవచ్చు."

"మా చెల్లెకు పడలే."

"ఏ మందు?"

దేవ్‌సింగ్ చీఫ్ వైపు చూశాడు. చీఫ్ తల అడ్డంగా ఊపాడు.

"పేరు చెప్పడానికి పర్మిషన్ లేదు డాక్టర్."

డాక్టరు విసుగ్గా కాగితం మీద 'కుటుంబంలో ఇలాంటివి ఏమీ లేవు' అని రాసుకుని, రోజుకు రెండు గోలీలు రాశాడు.