దిగమనేదాకా దిగొద్దు

"స్టీరింగ్ లేదు, బ్రేకు లేదు. దీన్నేనా ఆ పిల్ల నడిపేది?"

బెలూన్ల ఉత్సవం మైదానంలో అడుగుపెట్టగానే నాన్న అన్న మొదటి మాట ఇది. సర్వీసంతా సిటీ బస్సు నడిపిన మనిషి. చక్రం లేనిది ఆయన దృష్టిలో బండే కాదు.

"ఆ పిల్ల అనకు నాన్నా. నీ కోడలు," అన్నాడు కొడుకు. వాడు మెకానిక్. మొండి.

"ఇంకా కాలేదు."

ఒప్పందం ఇంట్లోనే కుదిరింది. నాన్న ఒక్కసారి ఆమె బెలూన్ ఎక్కాలి. దిగాక కూడా వద్దంటే కొడుకు ఇక పెళ్ళి మాటెత్తకూడదు. మాటెత్తనన్నాడు. మానేస్తానని మాత్రం అనలేదు.

తోలు గ్లౌజులు తొడుక్కుంటూ పైలట్ వాణ్ణి పక్కకి లాగింది. కనుబొమ్మ మీద మసి. కళ్ళలో అంతకంటే ఎక్కువ మంట.

"నన్నడక్కుండా నా మీద పందెం కాశావా?"

"గెలుస్తాంగా!"

"మీ నాన్న వద్దంటే ఎదురుగా కూర్చుని, ఎందుకు వద్దో నేనే అడుగుతా. నాకు నీ పందేలక్కర్లేదు. నోర్మూసుకుని ఎక్కు."

అమ్మ, నాన్న, వాడు బుట్టలోకి ఎక్కాక పైలట్ గట్టిగా చెప్పింది. "నేల తగిలినా సరే, నేను దిగమనేదాకా ఎవరూ దిగొద్దు. ఒక్కరు దిగితే బరువు తగ్గి బుట్ట మళ్ళీ లేస్తుంది. ఒకరు ఎక్కాకే ఇంకొకరు దిగాలి."

మెకానిక్ చెవిలోకి ఆ మాటలు వెళ్ళాయి. వెళ్ళినంత తేలిగ్గా బయటికొచ్చేశాయి. వాడు ఆమె జడ చివర ఎగురుతున్న రిబ్బన్ చూస్తున్నాడు మరి!

బర్నర్ గర్జించింది. నేల జారిపోయింది.

"ఏవండీ, మన మేడ! నేనారేసిన దుప్పటి కూడా కనిపిస్తోంది!" అమ్మ చిన్నపిల్లలా గెంతింది. నాన్న బుట్ట కడ్డీ వదల్లేదు.

"కిందకి చూడు, బాగుంటుంది," అంది పైలట్.

"నాకిటే బాగుంది," అన్నాడు వాడు, ఆమెనే చూస్తూ.

కోసేసిన పొలంలో బుట్ట మెత్తగా నేలకానింది. అమ్మకి చెయ్యందిద్దామని, 'చూశావా నాన్నా, ఎంత సులువో' అందామని, మెకానిక్ ఒక్క దూకు దూకాడు.

బెలూన్ లేచిపోయింది. అమ్మానాన్నలతో సహా!

వాడు పరిగెత్తాడు. గట్లు దూకాడు, కాలువలో పడ్డాడు, ఒక చెప్పు బురదకి వదిలేశాడు. పైన ఆమె అరవలేదు, తడబడలేదు. తాడు లాగి వేడిగాలి కొంచెం కొంచెంగా వదిలింది. కాలువ అవతల ఖాళీ చేలో బుట్టని దింపింది.

వాడు రొప్పుతూ చేరాడు. "నాన్నా, తప్పు నాది! ఆమెది కాదు! నువ్వు వద్దన్నా, ఒప్పందం తప్పినా, నేనీమెనే చేసుకుంటా!"

నాన్న బుట్ట అంచు మీదుగా వంగి చూశాడు.

"బండి ఆగకముందే దూకేవాళ్ళని జీవితమంతా తిట్టానురా. ఇంట్లోనే ఒకణ్ణి పెంచానని ఇవాళ తెలిసింది."

"ఇక దిగుదామాండీ?" అంది అమ్మ.

"ఆగవే! డ్రైవరు ఇంకా చెప్పలేదుగా!"

పైలట్ చెయ్యి తాడు మీదే ఆగిపోయింది. ఆయన నోట 'డ్రైవరు' కంటే పెద్ద బిరుదు లేదని ఆమెకి మెకానిక్ ఎప్పుడో చెప్పాడు.

"ముందు నువ్వెక్కు," అందామె వాడితో. "నీ బరువొస్తేనే ఆయన దిగగలరు."

వాడు బురదతోనే ఎక్కాడు.

"ఇప్పుడు దిగండి సార్."

నాన్న కదల్లేదు. "సార్ ఎవరు? నాకు వేరే పిలుపు లేదా?"

ఆకాశంలో వణకని గొంతు ఇక్కడ వణికింది. "దిగండి... మామయ్యా."

ఆయన దిగాడు. వెనకాలే జీపులో వచ్చిన బెలూన్ సిబ్బంది బుట్ట పట్టుకుంటే అమ్మా దిగింది.

"మరి నేను?" అన్నాడు మెకానిక్.

"నిన్ను దిగమన్నానా?"

"అనలేదు."

"అనను కూడా," అంది పైలట్, వాడి బురద చెయ్యి పట్టుకుని.