ముసురులో పుట్టినవాడు

"నాయనమ్మా, మబ్బు పట్టింది!" అన్నాడు అఖిల్, మంచం దిగకుండానే.

అంతే, నాయనమ్మ సుబ్బాయమ్మ దుప్పటి తెచ్చి కప్పేసింది.

"పడుకో నాన్నా. శ్రావణమాసం ముసురులో పుట్టావు. తడిస్తే నీకు జలుబు చేస్తుంది."

అమ్మానాన్నలు అప్పటికే పత్తిచేనుకు వెళ్లారు. ఇక అడ్డు చెప్పేదెవరు? ఐదో తరగతిలోకి వచ్చినప్పటినుంచీ చినుకు పడితే చాలు, అఖిల్ బడి మానేస్తున్నాడు. పైగా నాయనమ్మ వేసే వేడివేడి పకోడీలు! వానాకాలంలో పుట్టడం ఎంత అదృష్టమో అనుకునేవాడు.

ఆరోజు బడిలో నాటికల పోటీ. అందులో అతని తరగతిలోని గీతాంజలి డాక్టరు, అఖిల్ రోగి. 'ఈ వానలో పోటీ ఏం పెడతార్లే' అనుకుని ముసుగు తన్నాడు.

కాసేపటికి నాయనమ్మ ఫోన్ మోగింది. అఖిల్ తీశాడు. అవతల అర్చన టీచర్.

"ఏంటి అఖిల్, ఇంకా రాలేదు? డాక్టరు వచ్చింది, రోగే లేడు!"

"వానాకాలంలో పుట్టాను కదా టీచర్... వానొస్తే నాయనమ్మ పంపదండి."

గీతాంజలి ఫోన్ లాక్కుంది. "నేనూ శ్రావణంలోనే పుట్టా! గంపలగూడెం నుంచి ఆటోలో తడుచుకుంటూ వచ్చా. నువ్వు రాకపోతే నేనెవరికి మందివ్వాలి?"

పాపం, అతని డైలాగులన్నీ ఓపిగ్గా నేర్పింది గీతాంజలే. అఖిల్ దుప్పటి తన్నేసి లేచాడు.

"నాయనమ్మా, నాకు జలుబూ లేదు, ఏమీ లేదు. పకోడీల కోసమే ఇంట్లో ఉంటున్నా. ఇప్పుడు వెళ్లాలి!"

నాయనమ్మ గుర్రుగా చూసింది. అయినా గొడుగు తీసింది. "దొంగ వెధవా! నీ సంగతి సాయంత్రం చెప్తా. పద, ఆటో ఎక్కిస్తా."

బడి ఉన్న తిరువూరులో బస్టాండు దగ్గర నీళ్లు నిలిచి ఆటో నత్తనడక నడిచింది. అఖిల్ వానలోనే దిగి పరుగెత్తాడు.

హాల్లోకి వెళ్లేసరికి వాళ్ల పేర్లే పిలుస్తున్నారు. హమ్మయ్య! తడిసి వణుకుతూ, మూలుగుతూ స్టేజీ ఎక్కాడు. అంతా నటనే అనుకుని అందరూ చప్పట్లు కొట్టారు.

గీతాంజలి స్టెతస్కోపు పెట్టి చూసి, నాటికలో లేని మాట అనేసింది. "నీకు జబ్బేం లేదు. బడి ఎగ్గొట్టే రోగం!"

హాలంతా గొల్లుమంది. అఖిల్ కూడా నవ్వేశాడు. బహుమతి వేరేవాళ్లకు వచ్చింది. అయినా గీతాంజలి నవ్వు చూశాక అతని మనసు తేలికపడింది.

మర్నాడు ఇంకా పెద్ద వాన. గంపలగూడెం ఆటో బడి ముందు వచ్చి ఆగేసరికి, గొడుగు పట్టుకుని అఖిల్ అక్కడే నిలబడి ఉన్నాడు.

"ఇంత ఆలస్యమా డాక్టరుగారూ? పదండి, ప్రేయర్ మొదలవుతుంది!"