వెనక టైరు దొంగ

“దొరికిండు దొంగ!”

తనూజ అరుపుకు సాకేత్ ఉలిక్కిపడ్డాడు. కారు వెనక టైరు పక్కన గొంతుక్కూచుని, గాలి కొట్టే వాల్వు మీద వేళ్లు పెట్టి ఉన్నాడు. టైరు సుయ్‌మంది.

“ఎవడో మాటిమాటికి గాలి తీస్తుండని నేను పరేషాన్ అయితుంటే, మీద పోర్షన్ల ఉండే లెక్చరర్ సారా! ఏంది సార్ గిది? నా కారేం చేసింది మీకు?”

సాకేత్ మొహం ఎర్రబడింది. కాలితో దేన్నో కారు కిందికి నెట్టి లేచాడు.

“సరే మేడమ్. రేపటి సంది మీ టైరు ముట్ట.”

మెట్ల మీద ఇతను ఎదురైనప్పుడల్లా చున్నీ సర్దుకున్నందుకు తనూజకు తన మీదే కోపమొచ్చింది.

ఆ కారంటే ఆమెకు ప్రాణం. జనగామ బ్యాంకులో ఉద్యోగం చేస్తూ సొంతంగా కొనుక్కుంది. సొంతూరు పెద్దవంగరలో చిన్నాన్నలు “ఆడపిల్లకు కారెందుకు?” అని నవ్వితే, బాపు జగపతి ఊరంతా చెప్పుకొచ్చాడు: “ఈ ఆదివారం నా బిడ్డ కారు నడుపుకుంట వస్తది. నేను ముందు సీట్ల కూసుంట, సూడుండ్రి.”

దిష్టి తగలొద్దని ప్రతి శనివారం తన చేత్తో ఇనుప తీగకు నిమ్మకాయ, మిరపకాయలు గుచ్చి బస్సులో పంపిస్తాడు కూడా. తనూజ కొత్తది కట్టి, అందరిలాగే పాతది గేటు ముందు దారిలో పడేస్తుంది.

ఆదివారం తెల్లారేసరికి టైరు నేలకు అతుక్కుపోయింది. బాపు ఊరంతా చెప్పుకున్న ఆదివారం ఇదే.

‘మళ్లీ తీసిండా!’ అనుకుంటూ వంగి చూసింది. కారు కింద కాలితో తొక్కే గాలి పంపు కనిపించింది. నిన్న అతను నెట్టింది ఇదే. గాలి తీసేవాడికి పంపుతో ఏం పని?

పంపు పట్టుకుని మెట్లెక్కి తలుపు కొట్టింది.

“సార్, మీరు గాలి కొడుతుండెనా?”

“కొన్ని దినాల సంది, మీరు లేవక ముందే.”

“మరి చెప్పొద్దా?”

“గాలి తక్కువున్నదని ఒకసారి చెప్పిన. ‘నా కారు సంగతి నాకెరుక’ అనలే?”

“అన్న. తప్పయింది. దొంగ అన్నది ఇంకా పెద్ద తప్పు.” తనూజ తల మాత్రం దించలేదు. “కానీ టైరు నేనే మారుస్త. మా బాపు ఎదురుసూస్తుండు. మీరు జర పానా అందియ్యుండ్రి, చాలు.”

సన్నగా వాన మొదలైంది. తనూజ జాకీ ఎత్తింది, బోల్టులు విప్పింది. చేతులు నల్లగయ్యాయి. సాకేత్ అడిగింది అందిస్తూ, అడగకుండానే గొడుగు పట్టాడు.

ఊడదీసిన టైరును తిప్పి చూస్తే సన్నని ఇనుప తీగ దిగి ఉంది. దాని చివర ఎండిన మిరపతొడిమె ఇంకా వేలాడుతోంది.

ఇద్దరూ పగలబడి నవ్వారు. తను పడేసిన దిష్టి దండ మీదనుంచి తనే కారు పోనిచ్చింది మరి!

“ఒక్క మాట అడుగుత,” అంది తనూజ, స్టెప్నీ బిగిస్తూ. “తిట్టినా గాలెందుకు కొట్టిండ్రు?”

“కారు గేట్లకెళ్లి తీసేటప్పుడు మీ మొహంల ఒక గర్వముంటది. టైరు సూసి అది చిన్నగైతే, నాకు దినమంత మంచిగనిపియ్యదు.” గొడుగు వైపు చూస్తూ అన్నాడు. “కాటారంల మా అమ్మకు గూడ చెప్పిన.”

“ఏమని?”

“కారు నడిపే కోడలు దొరికిందని.”

తనూజ చేతిలోని పానా కింద పడింది. తీయడానికి ఇద్దరూ ఒకేసారి వంగారు.

“ఎక్కుండ్రి,” అంది చివరికి, నవ్వు దాచుకోలేక. “మళ్ల ఆగితే పానా ఎవరందిస్తరు?”

పెద్దవంగరలో కారు దిగేసరికి చిన్నాన్నలతో సహా సగం ఊరు అక్కడే ఉంది. జగపతి బిడ్డ నల్లటి చేతులూ, బిగించిన స్టెప్నీ టైరూ చూశాడు.

“టైరు ఎవలు మార్చిండ్రు?”

“తనే. నేను పానా అందిచ్చిన,” అన్నాడు సాకేత్.

జగపతి ఆ చేతులు పట్టుకుని పైకెత్తాడు. “సూసిండ్రా? నా బిడ్డ!” అన్నాడు. ఆయన కళ్లు తడయ్యాయి.

“ఈ పిలగాడెవరు బిడ్డా?”

“నేను దొంగన్న మనిషి, బాపూ.” తీగ సంగతీ గాలి సంగతీ అంతా చెప్పేసింది. తర్వాత సిగ్గుపడుతూనే, తలెత్తి, “నాకు నచ్చిండు,” అంది.

జగపతి ఇద్దరినీ తేరిపార చూశాడు. లోపలికి వెళ్లి కొత్త దిష్టి దండ తెచ్చాడు. తీగ లాగేసి, నిమ్మకాయా మిరపకాయలూ నూలు దారానికి గుచ్చి, సాకేత్ చేతిలో పెట్టాడు.

“ఇప్పటి సంది శనివారం శనివారం పాతది తీసేది నువ్వే,” అని, దర్జాగా ముందు సీట్లో కూర్చున్నాడు. “పోనియ్ బిడ్డా. ఊరంత ఒక సుట్టు తిప్పు.”