తాబేలు కడుపులో కత్తి

ఫణిభూషణ్ పరుగెడుతున్నాడు.

వెనక బురదలో అడుగులు... దగ్గరవుతున్నాయి!

శామీర్‌పేట దాటాక జామాయిల్ తోట. సాయంత్రం ఐదున్నర. ట్యాంకర్లతో కురిపిస్తున్న సినిమా వాన, మిషన్ వదులుతున్న పొగ. అందులో ఇరవై నాలుగు మంది రోమన్లు, అరవై మంది జర్మన్లు. అందరూ జూనియర్ ఆర్టిస్టులే. పొద్దున మేడ్చల్‌లో బస్సెక్కి వచ్చినవాళ్ళే.

ఒక్క జర్మన్ తప్ప!

ఇందాకే చూశాడు. బొచ్చు కోటు గాలికి లేచింది. నడుం దగ్గర... పిస్టల్!

రెండువేల ఏళ్ళ కిందటి యుద్ధంలో పిస్టలేంటి?

రోమన్ వేషంలో రోమాలు నిక్కబొడుచుకోవడమంటే ఏంటో ఫణికి అప్పుడే తెలిసింది.

ఆయన అల్వాల్‌లో చరిత్ర లెక్చరర్. ఈ షూటింగుకు సలహాదారు. ఇవాళ ఒక మనిషి తగ్గాడని ఆయనకే కవచం తొడిగారు. ఫోమ్ అట్ట మీద వెండిరంగు, అంతే!

రేపు పదకొండింటికి కోర్టులో సాక్ష్యం. రియల్ ఎస్టేట్ ప్రతాప్ చెరువులో వాచ్‌మన్‌ని ముంచి చంపుతుంటే చూసింది ఫణి ఒక్కడే. పోలీసులు కాపలా పెడతామంటే, నాకు ఇరవై నాలుగు మంది రోమన్లున్నారండీ అని జోకేశాడు. ఇప్పుడా జోకే దిక్కయింది.

"తాబేలు!" అని అరిచాడు.

టక్... టక్... టక్! రోమన్లు ఆయన్ని మధ్యలోకి లాక్కుని డాళ్ళు మూసేశారు.

వారం రోజులుగా ఆయన నేర్పిందే. జర్మన్లు అడవిలోంచి ఒక్కుమ్మడిగా విరుచుకుపడతారు. విడిపోయినవాణ్ణి ఈటెతో పొడుస్తారు. అందుకే డాలుకు డాలు ఆనించాలి, నెత్తిన కూడా తాబేలు చిప్పలా కప్పుకోవాలి. ఎవడి డాలు వాడి ఎడమపక్కవాణ్ణి కాస్తుంది. మన కుడిపక్క ప్రాణం పక్కవాడి చేతిలో ఉంటుంది. వాణ్ణి కళ్ళు మూసుకుని నమ్మాలి. కెమెరా ఆగేదాకా ఎవరేం అరిచినా తెరవకూడదు.

లోపల చీకటి. చెమట వాసన. డాళ్ళ మీద వాన దరువు.

కుడిపక్క అభిలాష్. నాలుగు రోజుల కిందే చేరాడు. శ్రద్ధగల శిష్యుడు. రోమన్ కత్తి ఎందుకంత పొట్టిగా ఉంటుందని అడిగాడు మొన్న. తిప్పడానికి కాదు, సందులోంచి పొడవడానికి, రెండంగుళాలు దిగితే చాలని ఫణి ఉత్సాహంగా చెప్పాడు. ఎక్కడ పొడవాలో తన పక్కటెముకల మీదే వేలు పెట్టి చూపించాడు.

బయట డాలు మీద దబదబా గుద్దులు.

ఆడగొంతు!

"సార్, నేను ఎస్సై సుప్రజను! డాళ్ళు దియుండ్రి జల్దీ! ప్రతాప్ మనిషి మీ లోపల్నే ఉన్నడు!"

జర్మన్... పోలీసు!

ఫణి మెల్లగా మెడ తిప్పాడు. కుడివైపు.

అభిలాష్ చేతిలో ఉన్నది చెక్క కత్తి కాదు. చీకట్లో కూడా మెరుస్తోంది.

"రెండంగుళాలే గద సార్," అన్నాడు నెమ్మదిగా.

తెరవమని ఫణి కేకలు పెట్టాడు. ఒక్క డాలు కదల్లేదు! ఎవరేం అరిచినా తెరవొద్దన్నది ఆయనే. బాగా నేర్పాడు... ప్రాణం పోయేంత బాగా!

పక్కటెముకల దగ్గర ఏదో ఆనింది.

అప్పుడు తట్టింది. వీళ్ళు రోమన్లయింది వారం కిందట. జూనియర్ ఆర్టిస్టులయి పదేళ్ళు!

కత్తిని ఆపడానికి ఇక మిగిలింది ఒక్క మాటే.

"కట్!"

దభేల్!

ఇరవై మూడు డాళ్ళు ఒక్కసారే బురదలో పడ్డాయి. ఆ మాట వినగానే చేతిలో ఏమున్నా వదిలేసి టీ క్యాను వైపు తిరగడం వాళ్ళ రక్తంలో ఉంది.

ఒక్కడే డాలు పట్టుకుని నిలబడిపోయాడు. ఆ రక్తం లేనివాడు.

ధన్!

అభిలాష్ మోకాళ్ళ మీద కూలాడు.

కట్ చెప్పిందెవడని మైకులో డైరెక్టర్ బూతులు. సుప్రజ విగ్గు పీకి పారేసి, పేల్చిన పిస్టల్‌తోనే డాళ్ళు దాటుకుంటూ వస్తోంది. ఫణి ఆమెను చూసి నవ్వబోయాడు.

ఆమె చూపు ఆయన మొహం మీద లేదు.

కవచం మీద ఉంది.

అక్కడ కత్తి పిడి... ఆయన ఊపిరితోపాటు పైకీ కిందకీ ఊగుతోంది.

అట్ట మందం అంగుళమున్నర.

కత్తి ఎంత దిగిందో... తల వంచి చూడ్డానికి ఫణికి ధైర్యం చాల్లేదు.